పారిప్లవముగా మారిన ఉపనిషత్కథ



అశ్వమేధమున పారిప్లవమను ఒక అంగము కలదు. యాగాశ్వము దేశములు తిరుగుచుండగా, యజమానుడైన రాజునకు హోత సంవత్సరకాలము ఆఖ్యానములు వినిపించును. మొదటి దినమున వైవస్వత మనువు, రెండవ దినమున వైవస్వత యముడు, మూడవ దినమున వరుణుడు. ఇట్లు పది దినములకొక ఆవృత్తి. అది ముగియగానే మరల మొదటి కథయే. అచట విన్నవాడు మారవలెనను నియమము లేదు. కథ చెప్పబడవలెను, వినబడవలెను, అంతే. అది కర్మాంగము, దాని ఫలము క్రతువునకే చెందును.

ఉపనిషత్తులలోని కథలును ఇట్టివేనా యను ప్రశ్నను బాదరాయణులు బ్రహ్మసూత్రముల మూడవ అధ్యాయము నాలుగవ పాదమున విచారించిరి. కావని సిద్ధాంతము. పారిప్లవమున చెప్పవలసిన కథలను శ్రుతియే విశేషించి నిర్దేశించినది. యాజ్ఞవల్క్య మైత్రేయీ సంవాదము, జానశ్రుతి కథ, ప్రతర్దనుని కథ మున్నగునవి తమ సన్నిధిలోని విద్యతో ఏకవాక్యత పొందునవి. విద్యనుండి విడదీసినచో వానికి ప్రాణము లేదు.

సూత్రకారుడు మూసిన ఆ ద్వారమును నేటి ఆస్తికలోకము మరల తెరచినది. ప్రాతఃకాలమున వాట్సాప్‌లో ఒక కథ, సాయంకాలమున సభలో ఒక కథ, నడుమ యూట్యూబులో మరి పది. ప్రతి కథ చివర "నీతి" యని ఒక వాక్యము. చదివినవారు చేతులు జోడించిన బొమ్మ పెట్టి, పదిమందికి పంపి, మరియొక కథకై ఎదురుచూతురు. ఇది పారిప్లవము కాక మరేమి? అశ్వము లేదు, హోత లేడు. ఆవృత్తి మాత్రము మిగిలినది.

పదవవాని కథనే చూడుడు. పదిమంది నది దాటిరి. ఒక్కొక్కడును లెక్కించి, తొమ్మండుగురినే చూచి, పదవవాడు నదిలో పోయెనని విలపించెను. బాటసారి యొకడు వచ్చి మొదట "పదవవాడు ఉన్నాడు" అనెను. పిమ్మట లెక్కింపజేసి "ఆ పదవవాడవు నీవే" అనెను. విద్యారణ్యస్వాములు పంచదశిలోని తృప్తిదీప ప్రకరణమున ఈ చిన్నకథలో ఏడు అవస్థలు చూపిరి: అజ్ఞానము, ఆవరణము, విక్షేపము, పరోక్షజ్ఞానము, అపరోక్షజ్ఞానము, శోకనివృత్తి, తృప్తి. పదవవాడు లేడు, కనబడడు అనుట ఆవరణము. ఏడ్పు విక్షేపము. ఉన్నాడని విని నమ్ముట పరోక్షము. తానేయని ఎరుగుట అపరోక్షము. బాటసారి పదవవానిని సృష్టింపలేదు, నదినుండి వెలికి తీయలేదు. వాక్యము పోగొట్టినది తెలియమిని మాత్రమే. జ్ఞానము కర్మఫలము కాదను వేదాంతమర్మము ఇచటనే ఉన్నది. అట్టి కథకు నేడు తగిలించు నీతి యేది? "నిన్ను నీవు మరువకుము, ఆత్మవిశ్వాసమే విజయము." ఆత్మ పోయి ఆత్మవిశ్వాసము మిగిలినది!

ఛాందోగ్యము ఎనిమిదవ అధ్యాయమున ఇంద్రుడును విరోచనుడును ప్రజాపతి సన్నిధిని 32 సంవత్సరములు బ్రహ్మచర్యమున నిలిచిరి. ఇరువురును విన్నది ఒకే ఉపదేశము, నీటిపాత్రలో చూచినది తమ ప్రతిబింబమునే. విరోచనుడు శాంతహృదయుడై వెడలి, దేహమే ఆత్మయని అసురులకు బోధించెను. ఇంద్రుడు దేవతలను చేరకమునుపే సందేహించెను. దేహము అలంకృతమైనచో ప్రతిబింబమును అలంకృతమగును, దేహము నశించినచో అదియు నశించును, ఇది అభయమెట్లగును? అతడు సమిధలు చేతబట్టి మరలివచ్చెను. అట్లు పలుమార్లు మరలివచ్చి మొత్తము 101 సంవత్సరములు గురుసన్నిధిని గడపెను. విరోచనుడు శ్రద్ధలేనివాడు కాడు. అతడును 32 ఏండ్లు సేవించెను. అతని లోపము తొందరపడి తృప్తి చెందుటయే. కథ చివరి నీతివాక్యము శ్రోతకు ఆ తృప్తినే పంచుచున్నది.

"శాస్త్రవిచారణకు తీరిక లేని సామాన్యునకు కథయే కదా ఆలంబనము? నీతియైనను దొరకుచున్నది కదా?" యని ఆక్షేపింతురు. నీతికథలు కావలసినవే, పంచతంత్రము, హితోపదేశము అందుకే పుట్టినవి. కథలు పామరులకే యను పండితగర్వమును దోషమే. వ్యాధుల నడుమ పెరిగిన రాజపుత్రుని కథను శంకరభగవత్పాదులే బృహదారణ్యక భాష్యమున సంప్రదాయవేత్తల మాటగా గ్రహించిరి. ఆఖ్యాయిక సుఖావబోధ కొరకని ఆచార్యులే తెలిపిరి. కాని సుఖముగా బోధపడుట వేరు, బోధపడకయే సుఖపడుట వేరు.

దోషము శ్రోతలది మాత్రమే కాదు. ఏ గ్రంథమునను లేని కథకు "ఉపనిషత్తు చెప్పినది" యని ముద్ర వేసి, చప్పట్లు పడగానే మరియొక కథకు దుముకు వక్తలది అంతకంటె పెద్ద దోషము. పీఠమెక్కినవాడైనను, గర్భాలయమున నిలిచినవాడైనను, అది శ్రుతికి అపచారమే.

చేయవలసినది స్వల్పము. చెప్పువాడు ఆ కథ ఏ ఉపనిషత్తులోనిదో, ఏ విద్యకు అంగమో తెలిపి, నీతి చెప్పక ఆగవలెను. వినువాడు దానిని ఇతరులకు పంపక, ఒక పక్షము తనలో నిలుపుకొని "ఇందు నేనెవడను? ఇంద్రుడనా, విరోచనుడనా?" యని తన్ను తాను అడుగవలెను. ఉద్దాలకుడు శ్వేతకేతువునకు ఉప్పును గూర్చి కథ చెప్పలేదు. ఉప్పును నీట వేయించి, మరునాడు ఆ నీటిని పైన, నడుమ, అడుగున రుచి చూడుమనెను. 12 ఏండ్లు వేదాధ్యయనము చేసి వచ్చిన కుమారునకే ఆ రుచి చూచుట అవసరమైనది.

పదవవాడు ఒడ్డున ఇంకను ఏడ్చుచునే ఉన్నాడు. అతనికి కావలసినది మరియొక కథ కాదు.

ఓం తత్సత్