రెండు కుంచముల లెక్క

గతమాసమున మేము కుటుంబపు ఛాయాచిత్రములను భద్రపఱచుకొనుటకై 500 గిగాబైట్ల హార్డుడిస్కు నొకదానిని కొంటిమి. ఇంట విండోసు కంప్యూటరునకు దగిలింపగా 465 మాత్రమే చూపినది. మఱునాడే దుకాణమునకు బోయి, నలుగురి యెదుట "ఏమయ్యా, ముప్పదియైదు గిగాబైట్లు మ్రింగితివా?" యని గద్దించితిమి. పాప మాతడు సొమ్ము తిరిగి యిచ్చెదననెను.

ఆ రాత్రి మావారు లెక్కగట్టి చూపిరి. డిస్కు చేయువారికి గిగాబైటనగా నూఱుకోట్ల బైట్లు. విండోసు వేయికి మాఱుగా 1024తో హెచ్చించును గనుక దాని గిగాబైటు 107,37,41,824 బైట్లు. ధాన్యమును చిన్న కుంచముతో గొలిచి పిదప పెద్ద కుంచముతో గొలిచిన, కుంచములు తగ్గును గాని గింజలు తగ్గునా? ఈ పెద్ద కొలతకు గిబిబైటను వేఱుపేరు 1998లోనే యేర్పడినను, విండోసు పాతపేరునే చూపుచున్నది. ఆపిల్ మాక్ యంత్రములు 2009 నుండి చిన్న కుంచమునే వాడుచున్నవి. వేయి గిగాబైట్ల డిస్కు కొన్నవారికి 931 కనబడిన, దుకాణమునకు బరుగిడక, ప్రాపర్టీసులో బైట్ల సంఖ్యను జూడవలెను. మా డిస్కున అయిదువందల వెనుక తొమ్మిదంకెలు నిండుగా నున్నవి.

మరల బోయి యాతనికి క్షమాపణము చెప్పుకొంటిమి. నాడు వినిన నలుగురు మాత్ర మచ్చట లేకపోయిరి.