లావారిస్ గ్యాస్

మా అబ్బా బొగ్గుబాయిలో సర్దార్. షిఫ్టు దిగకముందే సేఫ్టీ లాంపు పట్టుకుని, మంట తగ్గించి, కప్పు దాకా ఎత్తి చూసేవారు. మంట మీద నీలి టోపీ కనపడితే మీథేన్ ఉన్నట్టే. గాలిలో అది 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. 1965లో ధోరీ గని పేలుడులో 268 మంది మజ్దూర్లు పోయారు. అందుకే కానూన్ సఖ్త్‌గా ఉంటుంది: 1.25 శాతం దాటితే కరెంటు బంద్, మనుషులు బయటికి.

బాగుంది. మరి ఆ గ్యాస్ ఏమైంది? ఫ్యాన్ పెట్టి ఆస్మాన్‌లోకి తోసేశాం. మజ్దూర్ జాన్ దక్కింది, షుకర్. కానీ ఇరవై ఏళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లు జమీన్‌ని వేడెక్కించే ఈ గ్యాస్‌కి పైన హిసాబ్ అడిగేవాడు లేడు.

2030కల్లా మీథేన్ 30 శాతం తగ్గిద్దామని 2021లో గ్లాస్గోలో వందకు పైగా దేశాలు వాదా చేశాయి. మన సర్కార్ దూరంగా ఉంది. మన మీథేన్ ఎక్కువగా వరిమళ్లదీ పశువులదీ, అది గరీబుల బతుకు అంది. ఝూట్ కాదు. రైతు గేదె జోలికి పోవద్దనే నేనూ అంటాను. కానీ జనాబ్, ఆ గేదె చాటున బొగ్గుగని ఎందుకు దాక్కుంటోంది? బాయి గ్యాస్ ఏ గరీబు రోటీ? గేదెకి పైపు పెట్టలేం, గనికి పెట్టగలం.

పెట్టాం కూడా. ఝరియా దగ్గర మునీడీహ్‌లో ఐక్యరాజ్యసమితి సాయంతో బోర్లు వేసి, గ్యాస్ లాగి, ఇంజన్లు తిప్పి కరెంటు తీశారు. నమూనా చూపించడం అయింది. రివాజు ఎందుకు కాలేదు?

‘మా సింగరేణిలో ఎక్కువ ఒకటో డిగ్రీ గనులే’ అంటారు మా దోస్తులు. సహీ, టన్నుకి ఒక ఘనపు మీటరు లోపే. అయితే ఆ డిగ్రీలు మజ్దూర్ ఖత్రా కొలవడానికి పెట్టినవి, ఆస్మాన్ కోసం కాదు. ఆ కొంచెాన్నే ఏటా తవ్వే కోట్ల టన్నులతో గుణించి చూడండి.

మూసేసిన గనుల సంగతి ఇంకా ఘోరం. ఫ్యాన్ ఆగుతుంది, సర్దార్ రిటైరవుతాడు, గ్యాస్ రిటైరవదు. లోపల నీళ్లు నిండేదాకా పాత షాఫ్టుల్లోంచి, పగుళ్లలోంచి వస్తూనే ఉంటుంది, వారిస్ లేకుండా. యూరప్ 2024 చట్టం మూతబడ్డ గనుల జాబితా రాసి, గ్యాస్ కొలవమంది. మన దగ్గరా గని మూసివేత కోసం ఎస్క్రో ఖాతాలో పైసలు జమ చేయిస్తారు. అందులోంచి ఒక మీటర్ కొనండి. నెలనెలా రీడింగ్ గేటు బయట బోర్డు మీద రాయండి, జిమ్మేదార్ పేరుతో సహా. అబ్బా రోజూ రిజిస్టర్లో రాసేవారు, కింద దస్తఖత్ పెట్టి.