ఇల్లు లేనివారికీ ఒక పాదు కావాలి

మా చోడవరంలో పాత ఇళ్లన్నింటికీ పెరడు ఉండేది. పందిరి మీద ఆనప పాదు, గోడవార మునగ చెట్టు, నూతి గట్టు పక్కన పుదీనా మడి. కరివేపాకు కొనుక్కోవలసి వచ్చిందంటే చిన్నతనంగా భావించే రోజులవి. ఆ పెరళ్లలో ఇప్పుడు అద్దె వాటాలు లేచాయి. బతుకుతెరువు కోసం మన పిల్లలు అనకాపల్లికీ విశాఖపట్నానికీ తరలిపోయారు. అక్కడ వారిది ఒక గది, ఒక వసారా, వంతుల వారీగా వచ్చే నీళ్లు. కూరగాయల ధర పెరిగిన వారం ఆ ఇళ్లలో ముందుగా తగ్గేది ఆకుకూర, ఆ తరువాత పిల్లల పళ్లెంలోని కూర.

నగరాలలో కూరగాయల సాగును ప్రోత్సహించాలన్న మాట మన ప్రభుత్వాలకు కొత్త కాదు. హైదరాబాదులో ఉద్యాన శాఖ ‘మన ఇంటి కూరగాయలు’ పేరిట డాబా తోటల సామగ్రిని సగం రాయితీపై అందించింది. ఆలోచన మంచిదే. కానీ ఇటువంటి పథకాలన్నీ డాబా ఉన్నవారిని తలచుకొని తయారవుతాయి. ఒకసారి, అద్దె ఇంట్లో కుట్టుపనితో బిడ్డలను సాకుతున్న ఒక సోదరి తరఫున ఇటువంటి సామగ్రి కోసం మేము అర్జీ రాసి ఇచ్చాము. ఇంటి పన్ను రసీదు జతపరచలేదని అది తిరిగి వచ్చింది. గుమాస్తాగా జీవితమంతా అర్జీలు చూసినవారము గనుక మాకు ఆశ్చర్యం కలుగలేదు. తప్పు ఆ బల్ల వెనుక కూర్చున్నవారిది కాదు, దరఖాస్తు ఫారం తయారుచేసిన ఆలోచనది. రాయితీని ఇంటికి ముడిపెట్టినప్పుడు ఇల్లు లేనివారు దానంతట అదే జాబితా నుంచి జారిపోతారు.

ఇది ముస్లిం సమాజానికి ప్రత్యేకంగా ఎందుకు పట్టాలి? 2011 జనాభా లెక్కల ప్రకారం దేశ ప్రజలలో పట్టణవాసులు సుమారు 31 శాతం. ముస్లింలలో ఆ వాటా దాదాపు 40 శాతం. మనలో అనేకులు రోజువారీ సంపాదన మీద, చిన్న చిన్న చేతిపనుల మీద బతికేవారేనని 2006లో సచార్ కమిటీ ప్రభుత్వానికి నివేదించింది. పొలం లేదు, పెరడు లేదు, సొంత డాబా లేదు. పట్టణ సాగు పథకం ఎవరికి ఎక్కువ అవసరమో వారికే అది అందకపోవడం అన్యాయం. ఈ అన్యాయం మనకొక్కరికే కాదు, మురికివాడలో మన పక్కనే కాపురముంటున్న దళిత, వెనుకబడిన కులాల కుటుంబాలకూ జరుగుతున్నది.

చట్టంలోనూ ఒక లోటు ఉంది. రాజ్యాంగం 11వ షెడ్యూలులో పంచాయతీలకు పేర్కొన్న 29 అంశాలలో మొదటిదే వ్యవసాయం. పురపాలక సంస్థలకు 12వ షెడ్యూలులో చెప్పిన 18 అంశాలలో వ్యవసాయం ఊసే లేదు. ఊరు పట్టణమైతే మట్టితో పాలనకు సంబంధం తెగిపోతుందన్నట్టు! అయితే అదే 12వ షెడ్యూలులో పట్టణ పేదరిక నిర్మూలన, ఉద్యానవనాలు, ఘన వ్యర్థాల నిర్వహణ ఉన్నాయి. సంకల్పముంటే ఈ మూడింటి ఆధారంగానే నగరపాలక సంస్థ సాగు కార్యక్రమం నడపవచ్చును.

నడిపిన నగరాలు ఉన్నాయి. 2001లో అర్జెంటీనా ఆర్థికంగా కుప్పకూలినప్పుడు రొసారియో నగరంలో వేలాది కుటుంబాలు ఉపాధి కోల్పోయాయి. మరుసటి ఏడాది ఆ నగరపాలక సంస్థ పనికిరాని ఖాళీ స్థలాలను గుర్తించి పేద కుటుంబాలకు సాగుకు ఇచ్చింది. విత్తనాలు, పనిముట్లు, శిక్షణ సమకూర్చింది. పండినది అమ్ముకోవడానికి సంతలు తెరిచింది. ఆ కార్యక్రమానికి 2021లో అంతర్జాతీయ పురస్కారం లభించింది. అక్కడ ఇంటి పన్ను రసీదు కాదు, పని చేసే చేతులే అర్హత అయ్యాయి.

మన రాష్ట్రంలోనే ఇందుకు ఒక దారి ఉంది. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కౌలు రైతుకు 11 నెలల సాగు పత్రం ఇస్తుంది. యజమాని హక్కుకు భంగం రాదు. పొలాల విషయంలో యజమాని సంతకం దొరకక ఎందరికో ఆ పత్రం అందలేదు. పురపాలక స్థలానికి యజమాని నగరపాలక సంస్థే గనుక ఆ చిక్కు లేదు. ఖాళీ స్థలాలిస్తే ఆక్రమణలవుతాయని భయపడే అధికారులకు కూడా గడువుతో కూడిన పత్రమే జవాబు. అనకాపల్లి 2013 నుంచి మహా విశాఖ నగరపాలక సంస్థలో భాగం కాబట్టి ఈ కోరిక మా ప్రాంతానికి దూరపు మాట కాదు.

కాబట్టి మేము కోరుతున్నవి నాలుగు. పురపాలక ఖాళీ స్థలాల జాబితాను వార్డుల వారీగా ప్రకటించాలి. వాటిని మట్టి, నీటి పరీక్షల తరువాత మహిళా స్వయం సహాయక సంఘాలకు 11 నెలల పత్రంపై ఇవ్వాలి; అద్దెదారులకు మొదటి అవకాశం కల్పించాలి. ఇళ్ల నుంచి సేకరించే తడి చెత్తను ఎరువుగా మార్చి ఆ మడులకే ఉచితంగా చేర్చాలి. 1999లో మొదలైన రైతు బజార్లలో గుర్తింపు కార్డు భూమి వివరాలు చూసి ఇస్తారు. ఈ సాగు పత్రం ఉన్నవారికీ అక్కడ ఒక బల్ల కేటాయించాలి.

ప్రభుత్వాన్ని అడిగే ముందు మన వంతు కూడా ఆలోచించాలి. ప్రతి మసీదులో రోజుకు ఐదు పూటలా వుజూ నీరు కాలువ పాలవుతున్నది. అందులో సబ్బు లేదు, మురుగు లేదు. ఆ నీటిని ఆవరణలోని నాలుగు అరటి మొక్కలకూ ఒక తోటకూర మడికీ మళ్లించడానికి ఏ ఉత్తర్వూ అక్కరలేదు; కమిటీ పెద్దలు ఒక జుమా నాడు తీర్మానించుకుంటే చాలు. నాటిన మొక్క నుంచి మనిషి తిన్నా పక్షి తిన్నా అది నాటినవారి ఖాతాలో దానమని మన ప్రవక్త (స) బోధించారు. ఆ మడిలోని మొదటి కోత ఆ వీధిలోని వితంతువుల ఇళ్లకు వెళ్లాలి, వారు ఏ మతస్థులైనా సరే.

సోమవారం అర్జీల రోజు. ఈ నాలుగు కోరికలనూ ఒక కాగితం మీద రాసి, వీధిలోని మహిళల సంతకాలతో సమర్పించండి. రసీదు తీసుకోవడం మరవకండి. రసీదు లేని అర్జీకి దస్త్రంలో చోటుండదన్నది మేము ఉద్యోగంలో నేర్చిన మొదటి పాఠం.