బండెక్కిన బొంత

నాలుగైదు పార్టీలు కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేస్తే చాలు, మన పేపర్లలో ఓ మాట తప్పకుండా కనిపిస్తుంది. 'అతుకుల బొంత' అని. ఈ మాట మొదట ఎవరు వాడారో గానీ, వాళ్లు బొంతని దగ్గరగా చూసి ఉండరని నా అనుమానం. ఎందుకంటే ప్రభుత్వాలు ఏడాదికో రెండేళ్లకో పడిపోవచ్చు. బొంత మాత్రం మూడు తరాలు మోస్తుంది. ఒకచోట చిరిగితే అక్కడ ఇంకో అతుకు పడుతుందే తప్ప, అతుకులన్నీ అలిగి ఎవరి దారిన వాళ్లు పోవడం ఉండదు!

బొంత ఎలా కుడతారో మీ ఇంట్లో పిల్లలకి తెలుసా? ఒకసారి అడిగి చూడండి. ఆన్‌లైన్లో దుప్పటి బుక్ చేయడం తెలుసు గానీ ఇది తెలియకపోవచ్చు. ముందు నేల మీద పాత పంచె పరుస్తారు. దాని మీద మూడో నాలుగో నూలు చీరలు. మధ్యలో చిరిగిన చొక్కాలు, పొట్టయిపోయిన లంగాలు. అన్నిటికన్నా పైన ఇంకా రంగు వెలవని చీర ఒకటి. నాలుగు మూలలూ ముడత లేకుండా లాగి, కదలకుండా ముందు పెద్ద పెద్ద కుట్లు వేస్తారు. ఆ తర్వాత అంచుల దగ్గర మొదలుపెట్టి, వరస తర్వాత వరస లోపలికి కుట్టుకుంటూ వస్తారు. ఈ చివర అత్తగారు, ఆ చివర కోడలు కూర్చుంటారు. ఇద్దరి మధ్యా ఆ పూట మాటలు లేకపోయినా ఫరవాలేదు, కుట్లు మాత్రం మధ్యలో కలవాల్సిందే.

మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఈ పని ఎక్కువగా ఎండాకాలంలో సాగేది. కల్లంలో మిరపకాయలు ఎండి, టిక్కీలకెక్కి, యార్డుకి వెళ్లిపోయాక ఆడవాళ్ల చేతులకి కాస్త తీరిక దొరికేది. అరుగు మీద నీడ ఉన్నంతసేపూ సూది ఆడేది. మంగళగిరి చీరో, చీరాల చీరో కట్టి కట్టి మెత్తబడ్డాక బొంతలో చేరితే, పసిపిల్లల ఒంటికి దానికి మించిన పరుపు లేదు. పత్తి పండే నేల కదా, దూది పరుపులే కుట్టించుకోవచ్చుగా అంటారేమో. దూదేకులవారు విల్లులాంటి పరికరం భుజాన వేసుకుని వీధుల్లోకి వచ్చే రోజుల్లో కలిగినవాళ్లు కుట్టించుకునేవాళ్లు కూడా. కానీ పత్తి తీసిన చేతులకి పత్తి మిగిలేది కాదు. అది అప్పు తీర్చడానికి వెళ్లిపోయేది. మిగిలేది చిరిగిన చీరే. అందుకే పరుపు కొందరిళ్ల వస్తువు, బొంత అందరిళ్ల వస్తువు.

ఇది మనకొక్కళ్లకే తెలిసిన విద్య కూడా కాదు. బెంగాల్లో దీన్ని కాంథా అంటారు. బీహార్లో సుజని. మన పక్కనే కర్ణాటకలో కౌది. పేరేదైనా పనితనం ఒక్కటే. పాతబట్టని పారేయకుండా ఇంకో జన్మ ఇవ్వడం.

తర్వాత మన వీధుల్లోకి స్టీలు గిన్నెలవాళ్లు వచ్చారు. రెండు పాత చీరలిస్తే గిన్నె, జరీ అంచు ఉంటే ఇంకాస్త పెద్ద గిన్నె. బొంతల్లోకి చేరాల్సిన చీరలన్నీ అలా గిన్నెలయిపోయాయి. షోలాపూర్ దుప్పట్లు వచ్చాయి. సింథటిక్ చీరలు వచ్చాయి. అవి బొంతకి బొత్తిగా పనికిరావు. సూది కింద జారిపోతాయి, చెమట పీల్చవు. ఇంట్లో బొంత అటకెక్కింది.

అసలు మాటకొస్తే, బొంత విలువ ఇంట్లో ఉన్నప్పుడు తెలియదు. బండెక్కినప్పుడు తెలుస్తుంది.

మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకు బండి కట్టుకుని వెళ్లిన తరం వాళ్లు ఇంకా మనలో ఉన్నారు. వాళ్లనడగండి. గూడు బండిలో ముందు గడ్డి పరిచేవాళ్లు. దాని మీద బొంత. దాని మీద నాయనమ్మ, ఆవిడ చుట్టూ పిల్లలు. వెనక బియ్యం మూట, ఓ కుండ, పచ్చడి జాడీ. చిలకలూరిపేట, నరసరావుపేట చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆకాశమంత ప్రభలు కదిలి వస్తుంటే, వాటి వెనకే ఈ బళ్ల వరస. కొండ కింద ఎద్దుల్ని విప్పి, బండి కింద బొంత పరిస్తే అదే ఇల్లు. మూడు రాళ్లు పెడితే అదే వంటగది. పెద్దవాళ్లకి జాగారం, పిల్లలకి ప్రభల మీద దీపాలు లెక్కపెడుతూ లెక్కపెడుతూ నిద్ర. పండగకి ఇల్లు కావాలని ఎవరన్నారు? మనుషులూ, కూర్చోవడానికో బొంతా ఉంటే సరిపోయేది.

అమెరికాలో ఉన్న మన పిల్లలు సెలవులకి 'ఆర్వీ'లో వెళ్లామంటూ ఫొటోలు పంపిస్తుంటారు. ఆర్వీ అంటే చక్రాల మీద ఇల్లు. అందులోనే మంచం, పొయ్యి, స్నానాల గది అన్నీ ఉంటాయి. ఉద్యోగాల నుంచి రిటైరైన దంపతులు కొందరు ఉన్న ఇల్లు అమ్మేసి ఏళ్ల తరబడి దాంట్లోనే తిరుగుతుంటారు. చలి మొదలవగానే ఫ్లోరిడా, ఆరిజోనా లాంటి వెచ్చటి చోట్లకి వెళ్లేవాళ్లకి అక్కడ 'స్నోబర్డ్స్' అని ముద్దుపేరు. థ్యాంక్స్‌గివింగ్, క్రిస్మస్ కూడా వాళ్లకి దారిలోనే. అలా తిరుగుతూ బొంతలు కుట్టుకునే ఆడవాళ్లూ ఉంటారు. బొంతని వాళ్లు క్విల్ట్ అంటారు. పెద్దగా చోటు అక్కర్లేదు, ముక్క ముక్కగా ఒళ్లోనే కుట్టుకోవచ్చు కాబట్టి ప్రయాణానికి సరిగ్గా సరిపోయే పని.

మనవాళ్లకి ఇది కొత్త విడ్డూరంలా అనిపిస్తుంది గానీ, వాళ్ల చరిత్ర తిరగేస్తే అక్కడా మన గూడు బండే కనిపిస్తుంది. 1840ల నుంచీ వేలాది కుటుంబాలు మిస్సోరీ నుంచి పడమటి ఓరెగాన్‌కి వలస వెళ్లాయి. దగ్గర దగ్గర 3,200 కిలోమీటర్లు, నాలుగు నుంచి ఆరు నెలల ప్రయాణం. పైన గుడ్డ కప్పిన బళ్లు, ఎక్కువగా వాటిని లాగినవి ఎద్దులే. బండిలో పరుచుకోవడానికీ కప్పుకోవడానికీ క్విల్టులు. దారిలో వయోమింగ్ దగ్గర ఓ పెద్ద రాతిగుట్ట ఉంది. జులై 4, అంటే వాళ్ల స్వాతంత్య్ర దినం నాటికి అక్కడికి చేరాలని లెక్క. అప్పటికి చేరితే, చలి ముదిరేలోగా కొండలు దాటేస్తామని ధైర్యం. ఆ గుట్టకి ఇండిపెండెన్స్ రాక్ అని పేరు. చేరినవాళ్లు అక్కడే పండగ చేసుకుని, రాతి మీద పేర్లు చెక్కుకుని ముందుకెళ్లేవాళ్లు.

ఇంకో ముచ్చట కూడా చెప్పుకోవాలి. అలబామాలో గీస్ బెండ్ అని ఓ పల్లె. ఒకప్పుడు పత్తి తోటల్లో బానిసలుగా పనిచేసిన నల్లజాతి వాళ్ల సంతతి అక్కడ ఉంటారు. ఆ ఊరి ఆడవాళ్లు పొలంలో వేసుకుని చిరిగిపోయిన ప్యాంట్లు, చొక్కాలతో చలికి తట్టుకోవడానికి బొంతలు కుట్టుకునేవాళ్లు. అవే బొంతల్ని 2002లో హ్యూస్టన్‌లోనూ, ఆ తర్వాత న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలోనూ గోడలకి తగిలించి చూపించారు. 2006లో అమెరికా తపాలా శాఖ వాటి బొమ్మలతో పది స్టాంపులు వేసింది. పత్తి తీసిన చేతులు, చిరిగిన బట్ట, ఓ సూది. గుంటూరు వాళ్లకి ఇందులో తెలియనిది ఏముంది, ఆ మ్యూజియం తప్ప!

ఇంతకీ మన దగ్గర బొంత బండెక్కడం ఆగిపోయిందా? లేదు. ఏటా వందల కిలోమీటర్లు తిరుగుతూనే ఉంది. మనమే గమనించడం లేదు.

సంక్రాంతి వెళ్లాక గుంటూరు, పల్నాడు దారుల్లో ఓసారి చూడండి. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి లారీలు, ట్రాక్టర్లు, వ్యాన్లు వస్తుంటాయి. కింద జొన్నల మూటలు, గిన్నెలు, నీళ్ల బిందెలు. వాటిపైన బొంతల చుట్టలు. ఆ చుట్టల మీద పిల్లలు. మిరపకోతకి వచ్చే వలస కూలీలు వీళ్లు. వానలు తప్ప వేరే దిక్కులేని ఊళ్ల నుంచి మన తేజ రకం కాయలు కోయడానికి వస్తారు. చేను గట్టున బరకం కట్టి, కింద బొంత పరిచి, మూడు నెలలు కాపురం. ఒక చేనులో కోత అయిపోతే ఇంకో చేనుకి. ఇది కూడా చక్రాల మీద ఇల్లే. కాకపోతే ఇది సరదాగా ఎంచుకున్నది కాదు.

ఈ మూడు నెలల్లో పండగలు ఆగవు కదా. శివరాత్రి వస్తుంది. హోలీ వస్తుంది. ఉగాది వస్తుంది. 2025లో మార్చి 30న ఉగాది అయితే, మర్నాడే రంజాన్ పండగ. రెండూ కోతల రోజుల్లోనే. 'పండక్కి ఊరెళ్లలేదా అమ్మా?' అని ఎవరైనా అడిగితే వచ్చే జవాబు ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. 'యాడికి పోయేదక్కా? పోతే రెండు దినాల కూలి పాయె, రానూపోనూ చార్జీలు పాయె.' అంతే. ఉగాది పచ్చడికి వేపపూత గట్టు మీది చెట్టే ఇస్తుంది. కారానికి కొదవే లేదు, చేనంతా అదే! బెల్లానికి, మామిడికాయకి మాత్రం పక్క ఊరి కొట్టుకెళ్లాలి. మన పచ్చడిలోని కారం ఎవరి వేళ్లు మండితే మన ఇంటికొచ్చిందో, వాళ్లకి ఆరో రుచి కాదు కరువు, తీపి ఒక్కటే.

మనకిది పరాయి కథ కూడా కాదు. 1832-33లో వచ్చిన కరువుని ఇప్పటికీ 'గుంటూరు కరువు' అనే చరిత్ర పుస్తకాలు రాస్తాయి. నందన నామ సంవత్సరం కాబట్టి నందన కరువనీ, మనుషుల డొక్కలెండిపోయాయి కాబట్టి డొక్కల కరువనీ పెద్దవాళ్లు అనేవాళ్లు. తిండి దొరుకుతుందన్న ఆశతో జనం మూటలు నెత్తిన పెట్టుకుని మద్రాసు దారి పట్టారు. ఎంతోమంది దారిలోనే రాలిపోయారు. 1855కి బెజవాడ దగ్గర కృష్ణా ఆనకట్ట లేచింది. 1967లో నాగార్జునసాగర్ కాలువలకి నీళ్లొదిలారు. ఆ నీళ్లు పారాకే మనం మూటలు దించి, నిలబడి, ఇవాళ ఇంకొకళ్లకి పని ఇచ్చే స్థితికి వచ్చాం. అంటే మనకీ వాళ్లకీ మధ్య తేడా ఓ కాలువ. అంతే.

మరి మనం చేయగలిగేది ఏమైనా ఉందా? ఉంది. పెద్ద పనులేం కావు. ఉగాది రోజు చేనులో ఒకపూట కోత ఆపి, ఆ పూట కూలి ఇచ్చే రైతుకి వచ్చే నష్టం మిరప రేటులో ఒక్కరోజు ఎగుడుదిగుడు కన్నా పెద్దదేం కాదు. గుడారం దాకా ఓ బల్బు, దగ్గర్లో మంచినీళ్లు, ఆడవాళ్లకి చాటు. వీటికి చట్టాలు అక్కర్లేదు.

అన్నిటికన్నా ముఖ్యం, ఆ బొంత చుట్టల మీద కూర్చుని వచ్చిన పిల్లలు. బళ్లలో పరీక్షలు జరిగేదీ సరిగ్గా కోతల కాలంలోనే. వలస వెళ్లేవాళ్ల పిల్లలు సొంతూళ్లోనే ఉండి చదువుకోవడానికి సీజనల్ హాస్టళ్లున్నాయి. కానీ పసిపిల్లని ఎత్తుకోవడానికి అక్క కావాలి కాబట్టి ఆ అక్క కూడా బండెక్కుతుంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందరికీ వర్తిస్తుంది. టీసీ తేలేదని ఏ సర్కారు బడీ వాళ్లని చేర్చుకోవడం ఆపకూడదు. ఈ సంగతి గుడారంలో ఉన్న తల్లికి తెలియదు. పేపరు చదివే మనకి తెలుసు. కాబట్టి మీ చేలోకి పిల్లలతో కూలీలు వస్తే, వాళ్లని మీ ఊరి బడి దాకా తీసుకెళ్లే పని కాస్త మీరే చూసుకోండి. ఏడాదిలో ఆ మూడు నెలలు పోకుండా ఉంటే, పదేళ్ల తర్వాత ఆ పిల్ల మళ్లీ మిరపచేలోకి రాకపోవచ్చు.

ఇక మీ బీరువాలో అడుగున ఉన్న నూలు చీరల సంగతి. అమ్మ కట్టినవి, కట్టలేక, పారేయలేక దాచుకున్నవి. ఈసారి గిన్నెలవాడు కేకేస్తే తొందరపడకండి. ఓ ఆదివారం మధ్యాహ్నం టీవీ కట్టేసి హాల్లో పరవండి. అమ్మాయినీ అబ్బాయినీ చెరో మూల పట్టుకోమనండి. సూదిలో దారం ఎక్కించడం అబ్బాయికి రాకపోతే నేర్పండి, తప్పేం లేదు. నెలకి ఓ నాలుగు వరసలు కుట్టినా వచ్చే శివరాత్రికి బొంత తయారు. కారులో వెళ్లినా సరే, కొండ కింద ఓ చెట్టు చూసుకుని పరుచుకోండి. పక్కన ఇంకో కుటుంబం నిలబడి ఉంటే కాస్త జరగండి. బొంత మీద ఎప్పుడూ ఇంకొకళ్లకి చోటుంటుంది.