మజాక్ ఎవరి మీద?

నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రుడి మీద అజాన్ విన్నాడని, తిరిగొచ్చి కలిమా చదివాడని ఉర్దూ మీడియంలో చదువుకునే రోజుల్లో విన్నాను. నేనూ అందరితో పాటు సుబ్‌హానల్లాహ్ అన్నాను. అఖ్బార్ నౌకరీలోకి వచ్చాక తెలిసింది, ఆయనే ఆ మాట కాదన్నాడని. అమెరికా విదేశాంగ శాఖ 1983లో తన రాయబార కార్యాలయాలకు ఈ సంగతి రాసి పంపాల్సి వచ్చింది. పైగా చంద్రుడి మీద గాలి లేదు. గాలి లేని చోట ఆవాజ్ ఎలా వినిపిస్తుంది?

అదే కథ మొన్నామధ్య మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో మామూ పెట్టారు. "అక్కడ ముఅజ్జిన్ ఎవరు మామూ? తన్‌ఖా ఏ కమిటీ ఇస్తోంది?" అని రాశాను. అందరూ పడి పడి నవ్వారు. నాకు హుషారు వచ్చింది. వారం తర్వాత ఆయన, కలోంజీ నూనె తాగితే షుగర్ మాత్రలతో పనిలేదన్న వీడియో పంపారు. "ఇక దవాఖానాలు మూసేసి కిరాణా కొట్లు పెడదాం" అన్నాను. మళ్లీ నవ్వులు. మామూ ఏమీ అనలేదు.

నాలుగు నెలలకు కాలి పుండుతో ఆయన్ను ఆసుపత్రిలో చేర్చారు. మాత్రలు ఎప్పుడో మానేశారట. "నిన్నే అడుగుదామనుకున్నా బేటా, నవ్వుతావని ఊరుకున్నా" అన్నారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

అందుకని తంజ్ వద్దంటానా? హర్గిజ్ అనను. 1968 నుంచి 'శుగూఫా' లాంటి పత్రికను నడుపుకున్న హైదరాబాద్ మనది. తంజ్-ఓ-మిజాహ్ మన విరాసత్. తెల్లకోటు వేసుకుని, గడ్డం సవరించుకుంటూ, నూనె సీసాకు వందలు గుంజే ఆ నకిలీ హకీమ్‌ను ఎంత ఎగతాళి చేసినా తక్కువే. వాడికి దలీలుతో జవాబిస్తే తనూ ఆలిమ్ అయిపోయినట్టు ఉబ్బిపోతాడు. నవ్వితేనే దుకాణం కదులుతుంది. కానీ నా బాణం వాడికి తగల్లేదు. మోసపోయిన మామూకి తగిలింది.

ఇంకో మాట. గోమూత్రంతో క్యాన్సర్ నయమవుతుందని ఎవరైనా అంటే మనం కడుపుబ్బ నవ్వుతాం. అదే రకం దావా మన వైపు నుంచి వస్తే ఆమీన్ అని ముందుకు పంపిస్తాం. కలోంజీలో షిఫా ఉందన్న హదీసు ఉంది, సరే. ఇలాజ్ చేయించుకోమన్న హదీసు కూడా ఉంది కదా! ఒకటి చూపించి రెండోది దాచేవాడు దీన్‌కు ఖిద్మత్ చేయడం లేదు, సీసా అమ్ముతున్నాడు.

సూరె హుజురాత్ తీసి చూడండి. ఆరో ఆయత్ ఖబర్ వస్తే తహ్‌ఖీఖ్ చేసుకోమంటుంది. పదకొండో ఆయత్ ఒకరినొకరు ఎగతాళి చేయవద్దంటుంది. మామూ మొదటిది మరిచారు. నేను రెండోది మరిచాను. ఎవరి ఖుసూర్ పెద్దదో నాకు తెలుసు.

ఇప్పుడు నా మజాక్ అంతా అమ్మేవాడి మీదే. ఇంట్లో పెద్దలకు మాత్రం ఫోన్ చేస్తాను. నిన్న మామూ ఇంకో వీడియో పంపారు. ఈసారి గ్రూపులో కాదు, నాకొక్కడికే. కింద రాశారు: "యే సచ్ హై క్యా, బేటా?"