చేతిపని: గాలి పోని డబ్బా

మా గల్లీలో ట్యాక్సీ నడిపే పిల్లగాడు పోయిన నెల ఇంటికొచ్చాడు. వాళ్లమ్మకు సాంచల మీద వచ్చిన బోనసు పెట్టి 12 అంగుళాల సబ్ వూఫర్ కొన్నాడు. డబ్బా తనే కొట్టుకున్నాడు. "మామా, దమ్ము లేదు, ఉత్త బరబర సప్పుడే వస్తున్నది. దుకాణపాయన పెద్ద ఆంప్లిఫయర్ కొనుమంటున్నడు" అన్నాడు.

"ఆగురా, ముందు డబ్బా చూద్దాం" అన్నాను. పాట సన్నగా పెట్టించి, వెలిగించిన అగరుబత్తిని అతుకుల వెంట తిప్పాను. వెనక వైరు బయటికొచ్చే చోట పొగ అల్లాడింది. జబ్బు అక్కడుంది.

సైకిల్ పంపు మూతి బొటనవేలితో మూసి నొక్కి చూడండి, గాలి వెనక్కి తంతుంది. సీల్డు డబ్బా పని కూడా అదే. స్పీకర్ కోన్ లోపలికి పోయినప్పుడల్లా లోపలి గాలి స్ప్రింగులాగా దాన్ని ఆపి వెనక్కి నెడుతుంది. చిన్న సందున్నా ఆ పట్టు పోతుంది, గాలి చప్పుడు చేస్తుంది. సౌండు పెంచితే కోన్ హద్దు దాటి స్పీకరే చెడిపోవచ్చు. పెద్ద ఆంప్లిఫయర్ కొని ఉంటే రెండు ఖర్చులయ్యేవి.

కొత్తగా కొట్టేవాళ్లు ముందు లెక్క చేసుకోండి. ఎంత ఖాళీ కావాలో స్పీకరుతో వచ్చిన కాగితంలో ఉంటుంది. 12 అంగుళాల వాటికి చాలావరకు 1 ఘనపుటడుగు దగ్గర్లో ఉంటుంది. లోపలి పొడవు, వెడల్పు, లోతు అంగుళాల్లో గుణించి 1728తో భాగించండి. 16, 14, 9 అయితే 2016, అంటే దాదాపు 1.17. స్పీకర్ వెనక భాగం ఆక్రమించే చోటు ఇందులోంచి తీసేయాలి. పలక 18 మిల్లీమీటర్లయితే బయటి కొలత ప్రతిదీ 36 మిల్లీమీటర్లు పెరుగుతుంది. చాలామంది ఇక్కడే తప్పుతారు.

పలక ఎం.డి.ఎఫ్. వాడండి. కోసేటప్పుడు ముక్కుకు మాస్కు కట్టండి, ఆ దుమ్ము మంచిది కాదు. స్క్రూకు ముందు సన్న బెజ్జం వేయకపోతే అంచు చీలుతుంది. అతుక్కి ఫెవికాల్ నిండా పూసి, లోపల సిలికాన్ గీయండి. ఒక రోజు పూర్తిగా ఆరాకే స్పీకర్ బిగించండి. ఆరేటప్పుడు వచ్చే పుల్లటి ఆవిరి లోహాన్ని తినేస్తుంది. స్పీకర్ అంచు కింద, వైరు ప్లేటు కింద ఫోము పట్టీ వేయండి.

బ్యాటరీ నుంచి వచ్చే వైరుకు 18 అంగుళాల లోపే ఫ్యూజు ఉండాలి. లేకుంటే వైరు ఎక్కడ తగిలినా మంటే. డబ్బాను డిక్కీలో గట్టిగా కట్టేయండి. బ్రేకు కొడితే అంత బరువూ ముందుకొస్తుంది.

పిల్లగాడి పని ఒక్క సిలికాన్ ట్యూబుతో తీరింది. అమ్మ బోనసు దండగ కాలేదు. వాడికి చెప్పిందే మీకూ చెబుతున్నా: సాంచల చప్పుడుకు మా చెవులు ఎప్పుడో మందమైనవి. మీవైనా కాపాడుకోండి, గల్లీలోకి రాగానే సౌండు తగ్గించండి.