ఆకుపచ్చ నోటు తెరమీదికి ఎక్కింది

న్యూఢిల్లీలో 2025 ఆగస్టులో ప్రారంభమైన కర్తవ్య భవన్‌కు కొన్ని కేంద్ర మంత్రిత్వ శాఖలు తరలివెళ్ళాయి. అక్కడ ఫైలు నడిచేది కంప్యూటరు తెరమీదనే. ఆ తెరను ఒకసారి పరికించి చూస్తే చిత్తు నోటు పసుపు రంగులోను, ఖరారైన నోటు ఆకుపచ్చ రంగులోను అగుపిస్తాయి. కాగితం పోయింది గాని కాగితపు రంగు పోలేదు. నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ నిర్మించిన ఈ-ఆఫీసు సచివాలయ ఆనవాయితీలను అట్లాగే తనలో ఇముడ్చుకున్నది.

సొంతంగా తయారుచేసుకున్నదానికి సొంత పోలిక రావడం సహజమే. కాని బయట కొన్న సాఫ్ట్‌వేరుకూ అదే పోలిక రావాలని సంస్థలు పట్టుపట్టడమే ఆలోచించవలసిన సంగతి. రెడీమేడ్ చొక్కా కొని, కుట్లన్నీ విప్పించి, చొక్కా ధరను మించిన కూలి దర్జీకి ఇచ్చుకున్నట్టుంటుంది ఈ వ్యవహారం.

ఇదంతా ఉద్యోగుల మొండితనమని తోసిపుచ్చడం అన్యాయం. తపాలా శాఖనే తీసుకోండి. 2013లో అది సుమారు 1,100 కోట్ల రూపాయల కాంట్రాక్టును టీసీఎస్‌కు ఇచ్చి, శాప్ అనే జర్మన్ ప్యాకేజీ ఆధారంగా లక్షన్నరకు పైబడిన తపాలా కార్యాలయాలను ఒక్క త్రాటిమీదికి తేదలచింది. గ్రామీణ డాక్ సేవకుడు ఆ శాఖకు కాళ్ళూ చేతులూ. అతనిది సివిల్ పదవి అని సుప్రీంకోర్టు 1977లోనే తేల్చింది. అయినా అతడు శాశ్వతోద్యోగి కాడు. రోజుకు నాలుగైదు గంటల పని. జీతానికి మారుగా పని గంటలను బట్టి లెక్కగట్టే భత్యం. ఇటువంటి ఉద్యోగికి ఏ విదేశీ ప్యాకేజీలో ముందుగానే గడి గీసి ఉంటుంది? మూలంలో పన్ను కోత, ఒకనాటి ఎక్సైజు సుంకం, 2017 జూలై నుంచి జీఎస్టీ, ఇవన్నీ మన చట్టాలు విధించిన మార్పులు. వీటిని తప్పుపట్టేవాడు చట్టాన్ని తప్పుపట్టాలి.

చిక్కంతా రెండవ రకపు మార్పులతోనే. టెండరుకు ముందు మీ అవసరాలేమిటని ప్రతి విభాగాన్నీ అడుగుతారు. ప్రతి విభాగమూ తాను నేడు చేస్తున్నదంతా అవసరమేనని రాసి పంపుతుంది. ఈ రిజిస్టరు ఇక వద్దు, ఈ సంతకం అనవసరం అని కొట్టివేసే అధికారం ఆ జాబితా కూర్చే అధికారికి లేదు. ఉన్నా కొట్టివేయడు. రేపు ఆడిటు అభ్యంతరం వస్తే, విజిలెన్సువారు పిలిస్తే, అతన్ని కాపాడేది ఆ సంతకాల వరుసే కదా! అమ్మేవాడికి మాత్రం అభ్యంతరమెందుకు? ప్రతి మార్పుకూ ఒక బిల్లు.

ఆ బిల్లుతోనైనా కథ ముగియదు. ప్యాకేజీ కొత్త రూపం వచ్చినప్పుడల్లా అతికించిన ముక్కలన్నీ మళ్ళీ సరిచూడాలి. వాటి గుట్టు తెలిసినవాడు కుట్టినవాడొక్కడే గనుక అతని గడపే తొక్కాలి. ఇది మన దేశపు తెగులే అనుకోనక్కరలేదు. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరపాలక మండలి 2022 ఏప్రిల్‌లో ఒరాకిల్ ప్యాకేజీని తన పాత పద్ధతులకు తగ్గట్టు మార్పించి అమలుచేసింది. బ్యాంకు ఖాతాలను సరిపోల్చే భాగం విఫలమై లెక్కలు తేలక, చివరకు మార్పులు లేని ప్యాకేజీనే మళ్ళీ మొదటినుంచి నెలకొల్పుకోవాలని నిర్ణయించుకోవలసి వచ్చింది.

ఢిల్లీకి ఈ పాఠం బొత్తిగా తెలియదనలేము. ఫైలు నాలుగు అంచెలకు మించి ఎక్కరాదని 2021లో కేంద్ర పరిపాలనా సంస్కరణల శాఖ పూనుకొన్నది. నిచ్చెనను మొదట కురచ చేస్తే కంప్యూటరు ఆ కురచ నిచ్చెననే ఎక్కుతుంది. కొనుగోళ్ళకూ ఇదే వరుస పాటించడానికి ఆర్థిక మంత్రిత్వ శాఖకు అడ్డేమిటో బోధపడదు. కోరిన ప్రతి మార్పుకూ ఎదురుగా, దానిని విధిస్తున్న చట్టం లేదా నిబంధన పేరు టెండరులోనే రాయించవచ్చు. పేరు రాయలేని మార్పుకు కార్యదర్శి స్వయంగా సంతకం చేయాలనవచ్చు. అప్పుడు ఆడిటు ప్రశ్న కింది అధికారికి గాక ఆ సంతకానికి చేరుతుంది.

తపాలా శాఖ 2025లో, మైసూరులోని తన సాంకేతిక కేంద్రం రూపొందించిన కొత్త వ్యవస్థకు మారింది. ఇకమీదట ఏ రిజిస్టరునైనా తొలగించాలంటే అడగవలసిన బయటివాడు లేడు, శాఖే తేల్చుకోవాలి.